తృప్తిగా తినండమ్మా

ఆ ఆశ్రమం ఆఫీసు గదిలో గోడకు ఒక పెద్ద క్యాలెండరు వేలాడుతుండేది. ఏ రోజు ఎవరి భోజనమో మేనేజరు దానిమీదే రాసుకునేవాడు. ఫలానా వారి మనవడి పుట్టినరోజు, ఫలానా వారి పెళ్ళిరోజు, ఫలానా వారి నాన్నగారి తిథి. ఇరవై ఇద్దరు ముసలి ఆడవాళ్ళు ఆ క్యాలెండరు ఎలా చెబితే అలా తినేవారు. కొన్ని రోజుల్లో రెండేసి కుటుంబాలు పూరీలూ ఖీరూ మోసుకొచ్చేవి. కొన్ని రోజుల్లో ఎవరూ రాక పలచటి పప్పునీళ్ళతో సరిపెట్టుకునేవారు. దీన్ని మేమంతా సేవ అనేవాళ్ళం. నేనూ అన్నాను.

రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, దేవేంద్ర నగర్‌లో ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక మా తెలుగు మహిళా మండలిలో చేరాను. మా ఆయన అప్పటికే పోయారు. పిల్లలు లేరు. మండలిలో అందరం రాయపూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే కుటుంబాల వాళ్ళమే. మా నాన్నలు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నెలకోసారి ఆ ఆశ్రమానికి వెళ్ళి వడ్డించి రావడం మా సేవ. పట్టుచీరలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ చీరలకే నాకు సిగ్గేస్తుంది.

ఆ ఇరవై ఇద్దరిలో తెలుగు మాట్లాడేది ఒక్కరే. శ్రీకాకుళం వైపు మనిషి. భర్తతోపాటు చిన్నతనంలోనే వచ్చింది. అతను ఊరి శివార్లలోని సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తరవాత ఈమె ఇళ్ళలో అంట్లు తోముకుని బతికింది. ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్ళు చేసిందట. మోకాళ్ళు పట్టేసి పీట మీద కూర్చోలేకపోయేసరికి ఆ ఇంటివాళ్ళు కారులో ఎక్కించుకొచ్చి ఆశ్రమంలో దింపారు. ‘పాపం, కారులో తెచ్చినారమ్మా’ అని ఆమె నాతో మెచ్చుకోలుగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళ చాకిరీకి ఒక కారు ప్రయాణం! నా ఒళ్ళు మండిపోయింది. ఆమెకు మాత్రం మండలేదు.

నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మాత్రం నన్ను ‘అమ్మా’ అనే అనేది. పని ఇళ్ళలో అలవాటైన పిలుపు, ఎంత చెప్పినా మానలేదు.

మా అమ్మ తిథి మహాలయ పక్షాల్లో వస్తుంది. మొదటి ఏడాది ఆ రోజు నా పేరే క్యాలెండరులో రాయించుకున్నాను. తెల్లారకముందే లేచి పులిహోర కలిపాను, గారెలు వేశాను, బెల్లం పరమాన్నం వండాను. మా ఇళ్ళలో వడ్డించడమంటే కొసరడమే. వద్దన్నా వెయ్యాలి, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వెయ్యాలి. మా అమ్మ అలాగే వడ్డించేది. తద్దినంనాడు భోక్తను తృప్తేనా అని అడగడం, ఆయన తృప్తి అంటే గాని ఇంట్లోవాళ్ళు ముద్ద ముట్టకపోవడం చూస్తూ పెరిగినదాన్ని. అందుకని ఆ రోజు అక్క విస్తట్లో మూడుసార్లు పరమాన్నం వేశాను. నాలుగోసారి ఆమె నా మొహంలోకి చూసింది. “తృప్తిగా తిను అక్కా, మా అమ్మ పేరు మీద” అన్నాను. తినేసింది. నేను కళ్ళు తుడుచుకుంటూ స్కూటీ ఎక్కాను.

నాకు సుగరు ఉంది. ఇంట్లో చెంచాడు పంచదార దొరకదు. కాలనీలో ఎవరు పెళ్ళి స్వీటు ఇచ్చినా కవరు విప్పకుండానే పనమ్మాయి చేతిలో పెడతాను. అలాంటిదాన్ని, ఎదుట కూర్చున్న ముసలావిడను నీకు సుగరుందా అని ఒక్క మాట అడగలేదు.

తరవాతి ఏడాది వానాకాలంలో ఒక రోజు ఆమె వరండాలో కుంటుతూ నడవడం చూశాను. అరికాలికి పాత చీరపేలిక చుట్టి ఉంది. విప్పమంటే విప్పనంది. బలవంతాన విప్పితే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, వాసన. చెప్పు గీరుకుని నెల దాటిందట, నొప్పే లేదంది. సుగరు ముదిరితే కాళ్ళకు నొప్పి తెలియదని నాకు తెలుసు. నా సంచిలో ఎప్పుడూ ఉండే సుగరు మిషను తీసి ఆమె వేలు గుచ్చాను. మిషను అంకె చూపించలేదు, తన లెక్కకు అందనంత ఎక్కువని చూపించింది.

మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చిన్న వయసు డాక్టరమ్మ, ఓపికగా చూసింది. మందులు రాసి, నాతో హిందీలో స్పష్టంగా చెప్పింది. రెండు నెలలు సుగరు అదుపులో ఉంటే పుండు మానుతుంది. లేకపోతే మోకాలి కింద వరకు తీసెయ్యాలి.

బయటికి వచ్చాక అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

“కాలు తీసీత్తే నన్నక్కడ ఉంచరమ్మా.”

“ఎవరన్నారు?”

“రూలమ్మా. ఎవుల పని ఆలే సేసుకోవాల. బాత్రూముకి నడిసెల్లనేనోల్లని ఉంచరు. నా పక్క మంచం ముసిల్దాన్ని అలాగే పంపీసినారు. ఏటైపోనాదో తెల్దు.”

రూలు నిజమే. ఆశ్రమం గేటు పక్కన బోర్డు మీద హిందీలో రాసే ఉంది. రెండేళ్ళుగా దాని పక్కనుంచే పరమాన్నం గిన్నెలతో లోపలికి వెళ్ళాను, ఒక్కసారీ చదవలేదు. అంటే ఆమెకు కాలంటే ఒక్క కాలే కాదు, మంచం, తలుపు, పైకప్పు అన్నీ అదే.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళాను. స్వీట్లు ఆపమన్నాను. అందరికీ కాదు, సుగరున్న వాళ్ళకు. మిషనుతో నేనే చూశాను, అలాంటివాళ్ళు తొమ్మిది మంది తేలారు. అతను మంచివాడే, కేకలు వేసే రకం కాదు. అదే నాకు మరీ ఒళ్ళుమంట. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని నవ్వాడు.

“మేడమ్‌జీ, దాతలు ప్రేమతో తెస్తారు. వద్దంటే వాళ్ళ మనసు విరుగుతుంది. రేపు వాళ్ళు రాకపోతే ఈ ఇరవై ఇద్దరికీ ఎవరు పెడతారు? మీరు పెడతారా?”

“పెట్టొద్దనడం లేదు. రొట్టె తెమ్మనండి, కూర తెమ్మనండి.”

“పితృపక్షంలో ఖీరు లేకుండా ఎవరు పెడతారు మేడమ్‌జీ?”

పితృపక్షం, అదే మన మహాలయ పక్షాలు, ఇంకా వారం ఉంది. క్యాలెండరు చూశాను. పదిహేను రోజులూ నిండిపోయాయి, మూడు రోజులకైతే రెండేసి పేర్లు. అప్పటికే తీజ పండక్కని కాలనీల వాళ్ళు తెచ్చిన ఖుర్మీ బిళ్ళలు, అంటే ఇక్కడివాళ్ళు బెల్లంతో చేసే గోధుమ బిళ్ళలు, డబ్బాలకు డబ్బాలు అలమరలో ఉన్నాయి. చనిపోయిన వాళ్ళను తృప్తి పరచడానికి బతికున్న వాళ్ళ కాళ్ళు తీయించే పదిహేను రోజులు రాబోతున్నాయి.

మా మండలి మీటింగులో చెప్పాను. మా అధ్యక్షురాలు నొచ్చుకుంది. “పాయసం లేకుండా తిథి భోజనమేమిటండీ, హోటల్ మీల్సా?” అంది. ఇంకొకావిడ, “ఈ వయసులో వాళ్ళకింక మిగిలిన సుఖమేముంది, తిననివ్వండి పాపం” అంది. ఆ ‘పాపం’ అన్న మాట వింటే చాలు, ఇప్పటికీ నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆవిడ అత్తగారికి సుగరే. ఆ అత్తగారి కాఫీలో పంచదార వేస్తే పనమ్మాయి ఉద్యోగం ఊడుతుంది. సుఖం అక్కడెందుకు గుర్తు రాదు?

సరే, నా తెలివి నేను ఉపయోగించాను. గోల్ బజార్‌లో ఆకుపచ్చ రిబ్బను కొని తొమ్మిది ముక్కలు చేసి, తొమ్మిది మంది మణికట్లకు కట్టాను. రిబ్బను ఉన్న వాళ్ళకు తీపి వడ్డించొద్దని హిందీలో పెద్ద అక్షరాలతో రాసి భోజనాల గదిలో అంటించాను. నా ఆఫీసు బుద్ధి పోలేదు మరి, కాగితం అంటిస్తే పని అయిపోయిందనుకున్నాను.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. పితృపక్షం మొదటి రోజు వచ్చిన కుటుంబంలో పెద్దావిడ రిబ్బన్లు చూసి, ఇదేమైనా అంటురోగమా అని మేనేజరును అడిగింది. అతను కాదన్నా ఆవిడ నమ్మలేదు. ఆ తొమ్మిది మందికి పూరీలు దూరంనుంచి జారవిడిచారు. ఫొటోకు మిగతా పదముగ్గురినే కూర్చోబెట్టారు. రెండోరోజు మేనేజరు గొడవెందుకని ఆ తొమ్మిది మందినీ లోపలి గదిలో కూర్చోబెట్టాడు. అక్కడికి ఖీరే కాదు, కూర కూడా చేరలేదు. దాతలు తీపి తినని వాళ్ళ సంగతే మరిచిపోయారు.

మూడోరోజు నేను వెళ్ళేసరికి ఒక్క మణికట్టుకూ రిబ్బను లేదు. అక్క తన దాన్ని పళ్ళతో తెంపిందట.

“ఎందుకు తెంపావు?” అని అరిచాను. అందరి మధ్యా అరిచాను.

“మేం తినకపోతే ఆల పెద్దోల్లకి తురుప్తి అవ్వదంటమ్మా. రేప్పొద్దున్నుండి రామంటన్నారు. మేనేజరు సెప్పినాడు. మా తొమ్మండుగురి కోసరం మిగిలినోల్లు పస్తుండాలేటి?”

“నీ కాలు పోతుంది, అక్కా!”

“తెలుసమ్మా” అంది. అంతే. సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఒప్పుకున్నంత మామూలుగా అంది.

అప్పటినుంచి రోజూ నేనే ఆమెకు జొన్నరొట్టె, కాకరకాయ కూర పట్టుకెళ్ళాను. నా ఎదుట అది తినేది. నేను వచ్చేశాక వాళ్ళ ఖీరూ తినేది. పొద్దున్న వెళ్ళి మిషను పెడితే తెలిసిపోయేది. అబద్ధం చెప్పేది కాదు, తల దించుకునేది. ఆమె మీద కోపం తెచ్చుకోవడం తేలిక కాబట్టి తెచ్చుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

పదో రోజున పంతం పట్టి, భోజనాల వేళ ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. ఆ రోజు దాత మావాడే. నాతోపాటు ఇరవై ఏళ్ళు పక్క సీటులో పనిచేసిన తెలుగతను, వాళ్ళమ్మ తిథి. బూరెలు, పాయసం, నెయ్యి గిన్నె. మనిషి ఎవరి మాటకూ ఎదురు చెప్పని సౌమ్యుడు. పళ్ళెంతో మా దగ్గరికి వచ్చి, “తృప్తిగా తినండమ్మా, మా అమ్మ పేరు మీద” అన్నాడు.

నా మాటే. పోయినేడు ఇదే మనిషితో నేనన్న మాటే.

“ఈవిడకు వద్దు” అన్నాను.

“అరే, ఒక్క బూరెకి ఏమైపోద్ది అక్కా?” అన్నాడు నాతో.

“నీకు ఒక్కటి. నిన్న ఒకడికి ఒక్కటి. మొన్న ఇంకొకడికి ఒక్కటి. వారం రోజుల్నుంచి ఈమె ఒక్కొక్కటే తింటోంది.”

“పండగపూట... తిథిపూట ఈ మాటలేంటి అక్కా? మీరు పోయినేడు పెట్టలేదా? మీ అమ్మకైతే పరమాన్నం, మా అమ్మకి వద్దా?”

అందరూ చూస్తున్నారు. వాళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంతలో అక్క మెల్లగా చెయ్యి చాపి, అతని పళ్ళెంలోంచి తనే ఒక బూరె తీసుకుని నోట్లో పెట్టుకుంది. గొడవ ఆగడానికి. మా ఇద్దరినీ కాపాడటానికి! అతను దణ్ణం పెట్టాడు. నేను లేచి అతని చేతిలో పళ్ళెం తోసేశాను. బూరెలు నేలంతా దొర్లాయి. నోటికి వచ్చినవన్నీ అన్నాను. మీకు కావలసింది వీళ్ళ కడుపు నిండటం కాదు, మీ పుణ్యం నిండటం అన్నాను. పెట్టేవాడికి ఒక్కపూట సరదా, తినేవాళ్ళకు ప్రాణసంకటం అన్నాను. చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. చెప్పే హక్కు నాకుందా అన్నది వేరే సంగతి.

మర్నాటినుంచి నన్ను రావద్దని మేనేజరు ఫోను చేశాడు, ఎంతో మర్యాదగా. మండలి వాట్సాప్ గ్రూపులో, అన్నం నేలపాలు చేసిన మనిషితో సేవ ఎలా చేస్తామని ఎవరో రాశారు. పద్నాలుగు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

పక్షాలు అయిన నాలుగో రోజున అక్కకు చలి జ్వరం వచ్చింది. ఆశ్రమం వాళ్ళు ఆసుపత్రిలో చేర్పించి, దగ్గర ఉండేవాళ్ళెవరూ లేరు కాబట్టి నాకు కబురు చేశారు. అప్పుడు నేను పనికొచ్చాను. కాలు మోకాలి దాకా నల్లబడింది. అదే డాక్టరమ్మ. నన్ను గుర్తుపట్టి, సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు జరిపింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

కాలు తీసేశారు.

ఆశ్రమానికి వెళ్ళి మేనేజరును అడిగాను. రూలు, అన్నాడు. నా చేతిలో కాదు, ట్రస్టీల రూలు. ట్రస్టీని అడిగాను. సానుభూతి చూపించి, ఆరంగ్ వైపు ఎక్కడో ఇంకో ఆశ్రమం ఉంది కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను. వాళ్ళకూ అదే రూలు. క్యాలెండరులో ఉన్న పేర్లలో నాకు తెలిసిన వాళ్ళకు ఫోన్లు చేశాను, మీ పెద్దల పేరు మీద ఈమె తిన్నది కదా, ఏదైనా దారి చూపించమని. అయ్యో పాపం అన్నవాళ్ళే అందరూ. కొందరు ఆమె ఆత్మస్థైర్యానికి ప్రార్థన చేస్తామన్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు పంచుకోవడానికి కూడా ఒక్కరు మిగల్లేదు.

ఆ నెలలోనే మా మండలి ఆ ఆశ్రమానికి ఒక చక్రాల కుర్చీ దానం చేసింది. కుర్చీ వెనక మండలి పేరు రాయించారు, దండ వేశారు, ఫొటో తీయించుకున్నారు. నడవలేని వాళ్ళను ఉంచుకోని చోట చక్రాల కుర్చీ ఎవరికయ్యా అని అడిగేవాళ్ళు లేరు. అది ఇప్పటికీ ఆఫీసు గదిలోనే ఉందట, మేనేజరు దానిమీద పాత పేపర్లు పెట్టుకుంటాడట.

ఇంతా చెప్పి నా సంగతి దాచిపెడితే తప్పు. దేవేంద్ర నగర్‌లో మా ఇంట్లో ముందుగది అప్పటికి ఆరేళ్ళుగా ఖాళీ. మంచముంది, ఫ్యానుంది, ఆనుకునే బాత్రూముంది. ఆ పదిహేను రోజులూ ఆమెను తెచ్చి అందులో ఉంచుకుంటే కాలు దక్కేది. రోజూ రొట్టెలు మోసుకెళ్ళాను, రిబ్బన్లు కట్టాను, పళ్ళేలు తోశాను, ఊరందరి మీదా కేకలు వేశాను. ఆ గది తలుపు మాత్రం తియ్యాలని తోచలేదు. సేవ చేసేవాళ్ళు వెళ్ళి చేసి వస్తారు గాని ఇంటికి తెచ్చుకోరు కదా. నాకూ ఆ అలవాటే. ఇంకెక్కడా చోటు దొరకని రోజున, ఆసుపత్రివాళ్ళు మంచం ఖాళీ చేయమన్నాక తెచ్చుకున్నాను. దాన్ని దయ అంటే నేను ఒప్పుకోను.

ఆటోలోంచి నేనూ డ్రైవరూ పట్టుకుని దింపి ఆ గదిలో పడుకోబెట్టాం. చప్పుడు చేయకుండా ఉండేది. పెట్టినది పెట్టినట్టు తినేది, పళ్ళెంలో మెతుకు మిగిల్చేది కాదు. ఆకలి వేస్తోంది, కోలుకుంటోంది అనుకుని సంతోషించాను. రొట్టె ఒకటి పెట్టేదాన్ని రెండు పెట్టాను, తర్వాత మూడు. కూర నిండుగా పెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం తింటూ తింటూ వాంతి చేసుకుంది. దుప్పటి, చీర అన్నీ పాడయ్యాయి. ఆమె గబగబా చీర కొంగుతో మంచం తుడవబోయింది.

నాకు కోపం ఆగలేదు. “అంత కడుపు నిండిపోతే చాలని చెప్పకూడదా అక్కా? నోరు లేదా?” అన్నాను.

తుడవడం ఆపి నా వైపు చూసింది.

“సాలంటే నన్ను పంపీయరు గదమ్మా?”